జయరావు మామ బ్యాటరీ గిటారు

నగరి,
14 జూన్ 1982

మా జ్ఞానాంబకు మామ జయరావు దీవించి రాస్తున్న ఉత్తరం.

నేనూ మీ అత్త తిరుమలమ్మా దేవుడి దయవల్ల తిరుగుతూనే ఉన్నాం. అక్కకు మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నువ్వు తిరుపతిలో రేడియో షాపులో పనికి కుదిరావని మా మగ్గాల షెడ్డులో అందరికీ చెప్పాను. ఇరవై నాలుగు కరెంటు మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే చెప్పడమంటే చేతులతో చెప్పడమే. "మా మేనకోడలు రేడియోలు విప్పుతుంది" అని చేతులతో చూపిస్తే, ఒకాయన నువ్వు కొబ్బరికాయలు ఒలుస్తావనుకున్నాడు.

అసలు సంగతి నా గిటారు. రేణిగుంటలో రైల్వే గార్డు ఒకాయన ఊరు వదిలి పోతూ నాకు అమ్మిన గిటారు. నీకు తెలుసు, చిన్నప్పుడు దాని కడుపులో గోలీలు వేశావు. పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం చర్చిలో దానితోనే పాట ఎత్తుతున్నాను. ఏడాదిగా దాని గొంతు తగ్గిపోయింది. తీగలు మార్చాను, చెక్క తుడిచాను, ఎండలో పెట్టాను. లాభం లేదు. మొన్న చర్చికి మైకు సెట్టు కొన్నారు. ఇప్పుడు పాడేవాళ్ల గొంతులు గోడల మీద పడుతుంటే నా గిటారు నాకే వినపడటం లేదు.

మద్రాసులో గిటారు లోపల బ్యాటరీతో నడిచేది ఏదో బిగించి, వైరు తీసి మైకు సెట్టుకు తగిలిస్తున్నారట. అది నువ్వు చేయగలవా? చేయగలిగితే మీ అత్త చేత గిటారు పంపుతాను. కోతలు మాత్రం పెట్టకు తల్లీ. దానికి కోత పెడితే నాకు పెట్టినట్టే.

నీ రాక కోసం కాకపోయినా జవాబు కోసం చూసే
మామ


తిరుపతి,
19 జూన్ 1982

మామా,

నీ ఉత్తరం చదివి అమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి నవ్వింది. కొబ్బరికాయల మాట వీధిలో నలుగురికి చెప్పింది కూడా.

చేయగలను. దాన్ని ప్రీయాంప్లిఫయరు అంటారు. విను. గ్రామఫోను సూది వెనక చిన్న క్రిస్టల్ ముక్క ఉంటుంది, అదురును కరెంటుగా మారుస్తుంది. ఆ ముక్కను గిటారు లోపల, తీగలు కట్టే చెక్క కింద అతికిస్తాను. కానీ దాని గొంతు మరీ సన్నం. నేరుగా మైకు సెట్టుకు తగిలిస్తే దారిలోనే ఆవిరైపోతుంది. అందుకని మధ్యలో ఒక ట్రాన్సిస్టరు, తొమ్మిది ఓల్టుల బ్యాటరీ పెడితే, అది విన్నమాటను గట్టిగా తిరిగి చెబుతుంది. అంతా అగ్గిపెట్టె అంత ఉంటుంది. కోత అక్కర్లేదు. పట్టీ తగిలించే బుడిపె దగ్గర ఇదివరకే రంధ్రం ఉంది, వైరు దాంట్లోంచే వస్తుంది. పెంచే తగ్గించే నాబ్ గుండ్రటి రంధ్రం అంచున లోపల ఉంటుంది, వేలితో తిప్పుకోవచ్చు.

ఇంకో సంగతి. షాపు యజమాని కుప్పుస్వామి గారు నన్ను ఇంతవరకూ టార్చిలైట్లకు, రసీదులకే కూర్చోబెట్టారు. పాలిటెక్నిక్‌లో చదివానంటే, "సదువు వేరు, సోల్డరుకు కాలిన సేతులు వేరమ్మా" అన్నారు. నీ గిటారు సంగతి చెబితే, "సరే, సెయ్. అది పలికితే ఆ కిటికీ కాడి బల్ల నీదే" అన్నారు. కాబట్టి మామా, గిటారు త్వరగా పంపు.

బల్ల కోసం ఆశపడుతున్న
జ్ఞాన


నగరి,
12 జులై 1982

జ్ఞానమ్మా,

నీ చేతిపని తెచ్చి మీ అత్త నా ఒడిలో పెట్టింది. దారి పొడుగునా బస్సులో దాన్ని పసిబిడ్డలా పట్టుకుని కూర్చుందట. పుత్తూరులో ఒకామె "ఏం బిడ్డమ్మా?" అని అడిగిందట.

కోత లేకుండా బిగించావు. సంతోషం. నిన్న ఆదివారం మైకు సెట్టుకు తగిలించి వాయించాను. పలుకుతోంది, కాదనను. కానీ నేననుకున్నంత లేదు. దుప్పటి కప్పుకుని ఎవరో పాడుతున్నట్టుంది. పై తీగలు అసలు లేనట్టే. నీ అగ్గిపెట్టెలో ఇంకొంచెం బలం పెట్టడానికి కుదరదా? ఇంకో బ్యాటరీ వేస్తే?

నీకు పని చెప్పి వంక పెడుతున్నానని అనుకోకు. నువ్వు కాకపోతే ఎవరితో చెప్పుకుంటాను?

నీ మామ


తిరుపతి,
17 జులై 1982

మామా,

ఆశ్చర్యంగా ఉంది. ఇక్కడ పరీక్షించినప్పుడు నాబ్ సగం తిప్పేసరికి ఎదురు టీ అంగడి వాళ్లు లేచి వచ్చారు. పై తీగలు గంటల్లా మోగాయి. కుప్పుస్వామి గారు కిటికీ బల్ల మీది దుమ్ము తుడిచారు. అది ఆయన పద్ధతిలో మెచ్చుకోలు.

బ్యాటరీ దించేశావేమో. వైరు గుచ్చి ఉంచితే వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతుంది, అత్తకు చెప్పి పంపాను. పాత బ్యాటరీ తీసి రెండు కొసలూ నాలుకకు తాకించు. చురుక్కుమంటే బాగున్నట్టు. లేకపోతే కొత్తది వెయ్యి. నాబ్ మాత్రం సగం దాటించకు. దాటితే మైకు సెట్టు కూత పెడుతుంది.

రెండు బ్యాటరీలు వేస్తే ట్రాన్సిస్టరు మాడిపోతుంది. ఆ పని చేయకు.

జ్ఞాన


నగరి, 2 ఆగస్టు 1982
(కార్డు)

జ్ఞానాంబకు, కేరాఫ్ కుప్పుస్వామి రేడియో షాపు. కొత్త బ్యాటరీ వేశాను. ప్రయోజనం లేదు. నాబ్ నిండా తిప్పితే కూత పెడుతోంది తప్ప గిటారు వినపడదు. నిన్న చర్చిలో పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. నలుగురిలో నా తల దించుకునేలా అయింది. చేతకాదని ముందే చెప్పి ఉంటే మద్రాసుకు పంపి ఉండేవాణ్ణి. జయరావు.


తిరుపతి,
6 ఆగస్టు 1982

పూజ్యులైన మామగారికి,

మీరు రాసిన కార్డు అందింది. నాకంటే ముందు కుప్పుస్వామి గారికి అందింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ముగ్గురు గిరాకీల ముందు మొదటి నుంచి చివరిదాకా బయటికి చదివారు. "ఏందమ్మా, మీ మామే నీకు సర్టిఫికెట్టు పంపించినాడే" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. సాయంత్రానికి కిటికీ బల్ల మీద షాపులో ఇంకో పనివాడు సుబ్రమణ్యం సామాను సర్దుకున్నాడు. నేను మళ్లీ టార్చిలైట్లకు వచ్చాను.

మీకు నా పని నచ్చకపోతే కవరులో పెట్టి ఇంటికి రాయవచ్చు. కార్డు మీద, షాపు చిరునామాకు రాశారు. చేతకాదని ముందే చెప్పాల్సిందన్నారు. నాకు చేతనవును. ఆ జాయింట్లన్నీ మూడుసార్లు చూశాను.

22వ తేదీ ఆదివారం నేనే నగరికి వస్తాను. మీ చర్చిలో, మీ మైకు సెట్టుతో, నా చెవులతో విని, తప్పు నాదైతే విప్పేసి తీసుకుపోతాను.

ఇట్లు,
జ్ఞానాంబ


నగరి,
11 ఆగస్టు 1982

జ్ఞానా,

నువ్వు పుట్టినప్పటి నుంచి నన్ను నువ్వనే పిలిచావు. నీ ఉత్తరంలో ఆ "మీరు" చదివి, మళ్లీ పై చిరునామా చూసుకున్నాను, ఇంకెవరిదైనా నాకు వచ్చిందేమోనని.

కార్డు రాయడం నా తప్పు. పోస్టాఫీసులో కవర్లు అయిపోయాయి, కోపం మాత్రం అయిపోలేదు. చేతికి కార్డు దొరికింది. నీ బల్ల పోతుందని నా బుద్ధికి తోచలేదు. కుప్పుస్వామి గారికి వేరే కవరులో క్షమాపణ రాశాను. అంతకంటే నాకేం చేయాలో తెలియదు.

కానీ అమ్మా, వినపడని మాట నిజం. అబద్ధం చెప్పి నేనేం బావుకుంటాను? అసలు గిటారే కాదు, ఏడాదిగా అన్నీ ఇలాగే ఉన్నాయి. చర్చిలో పాట పలచబడింది. అప్పట్లో అందరూ నోరారా పాడేవాళ్లు, ఇప్పుడు పెదాలు కదుపుతున్నారంతే. జనంలో భక్తి తగ్గిందని పాస్టరుగారితో అంటే ఆయన నా మొహం చూసి ఊరుకున్నారు. ఇంట్లో మీ అత్తా అంతే. నాతో మాటలు తగ్గించేసింది. ఏదైనా చెప్పినా గొణుగుతుంది. నేనేం తప్పు చేశానో అడిగితే చెయ్యి ఊపి లోపలికి పోతుంది. గిటారు ఒక్కటైనా సరిగ్గా పలికితే కాస్త ఊపిరాడుతుందనుకున్నాను.

తప్పకుండా రా. పుత్తూరులో బస్సు మారేటప్పుడు జాగ్రత్త.

నిన్ను నొప్పించిన
మామ


తిరుపతి,
25 ఆగస్టు 1982

మామా,

ఆదివారం నీ ఎదురుగా కూర్చుని చెప్పలేకపోయాను. అత్త వడ్డించిన అన్నం తిని, ఏమీ తెలియనట్టు బస్సెక్కాను. ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను. కోపం తెచ్చుకో, కానీ చివరిదాకా చదువు.

నేను చర్చిలో చివరి వరసలో కూర్చున్నాను. నీ గిటారు అందరి గొంతులకూ పైన వినపడింది. పై తీగలు, కింది తీగలు, నీ వేలు తీగ మీద జారే చప్పుడు కూడా. రెండో పాటకు నువ్వు నాబ్ ఇంకా తిప్పావు. పాస్టరుగారు తగ్గించమని చెయ్యి చూపించారు. పెంచమంటున్నారనుకుని నువ్వు పెంచావు. మైకు సెట్టు కూత పెట్టింది. దూలం మీది పిచ్చుకలు లేచిపోయాయి. పిల్లలు చెవులు మూసుకున్నది అందుకు. జనం పాడుతూనే ఉన్నారు మామా. నోరారా పాడుతున్నారు. నువ్వు పాటకు రెండు మాటలు వెనకబడితే, నీకోసం ఆగి మళ్లీ అందుకుంటున్నారు.

ప్రార్థన అయ్యాక నీ వెనక నిలబడి "మామా" అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారి గట్టిగా పిలిస్తే వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న వాళ్లు తిరిగి చూశారు. నువ్వు తిరగలేదు. భుజం మీద చెయ్యి వేశాక నవ్వుతూ తిరిగావు.

మధ్యాహ్నం చర్చి నుంచి మైకు సెట్టు ఇంటికి తెచ్చి పరీక్ష చేద్దామన్నావు కదా. నువ్వు వాయిస్తుండగా నేను వెనక నుంచి వైరు పీకేశాను. నువ్వు ఇంకో చరణం వాయించి, "సూడు, ఎంత తిప్పినా ఇంతే ఇనపడతా ఉండాది" అన్నావు. ఆ వైరు కొస అప్పుడు నా చేతిలో ఉంది.

గిటారులో లోపం లేదు. నా పనిలోనూ లేదు. ఈ మాట రాయడానికి నాకు సంతోషంగా లేదు. నాదే తప్పయి ఉంటే విప్పి సరిచేసి ఉండేదాన్ని.

బస్టాండులో అత్తను అడిగాను. "నాలుగు తూర్లు సెప్తే గానీ ఇనపడదు మే. అయిదో తూరికి ఇసుగొచ్చి ఊరకుండిపోతా. ఆయన బాధపడతాడని ఎవురూ నోరు తెరిసి సెప్పరు" అంది. అలా అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ మగ్గాల చప్పుడే నీ చెవులు తినేసి ఉంటుంది. వేలూరు ఆసుపత్రిలో చెవులకు వేరే డాక్టర్లు ఉన్నారు. పోయి చూపించుకో మామా.

నీ జ్ఞాన


నగరి,
24 సెప్టెంబరు 1982

జ్ఞానా,

జవాబుకు నెల పట్టింది. నీ ఉత్తరం చదవగానే చింపేశాను. రెండు ముక్కలు చేశాక, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదివాను.

నాలుగు రోజులు ఎవరితో మాట్లాడలేదు. అయిదో రోజు మీ అత్తను ఎదురుగా కూర్చోబెట్టి, "నామీద నీకెందుకు కోపం?" అన్నాను. ఆమె నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "కోపం యాడిది? నాకు అలుపు! అలుపు!" ఏడాదిగా ఆమె అలిగిందని నేను అలిగి కూర్చున్నాను. తనకు అలుపని నేనెరగను.

ఇద్దరం వేలూరు పోయాం. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. చాలాసేపు నేను వేలెత్తలేదు. యంత్రం చెడిపోయిందేమో అని పరీక్ష చేసే అమ్మాయితో అనబోయాను. అనబోయి ఆగిపోయాను. నీ మొహం గుర్తొచ్చింది.

లోపలి నరం అరిగిపోయిందట. మగ్గాల చప్పుడు వల్లే. కుడిచెవి కాస్త నయమట. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవాలంటే షెడ్డులోకి పోవద్దన్నారు. మా ఓనరు మంచివాడు. బట్ట మడతపెట్టే గదికి మార్చాడు. చెవిలో పెట్టుకునే యంత్రానికి పేరు రాయించి వచ్చాం. అది వచ్చేసరికి ఆరు నెలలు పడుతుందట.

పాస్టరుగారితో ఇక నేను వాయించనని చెప్పేశాను. ఇన్నాళ్లూ జనం నాకోసం పాట మధ్యలో ఆగారని తెలిశాక ఏ మొహం పెట్టుకుని ఎత్తుకోను? గిటారు అటక మీద పెట్టాను. నీ అగ్గిపెట్టెలో బ్యాటరీ తీసేశాను, పాడవుతుందని.

నీకు అన్నమాటలు వెనక్కి తీసుకునే దారి లేదు. నీ పని బాగుంది. నా చెవులతో కాదు, నీ ఉత్తరంతో విన్నాను.

మామ


తిరుపతి,
6 అక్టోబరు 1982

మామా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "వాడు చిన్నప్పట్నించీ అంతే, అటక చూస్తే ఏదో ఒకటి పైన పెట్టేస్తాడు" అంది. అని అవతలికి తిరిగి కూర్చుంది. నేను నీకు "మీరు" అని రాసినందుకు రెండు నెలలుగా నన్ను తిడుతూనే ఉంది. నాకూ సిగ్గుగానే ఉంది.

గిటారు కిందికి దించు. ఈ ఉత్తరంతోపాటు రిజిస్టరు పార్సిల్లో ఒక సబ్బుపెట్టె వస్తుంది. సబ్బు ఉండదు. పాత ట్రాన్సిస్టరు రేడియోలోని చిన్న ఆంప్లిఫయరు తీసి దాంట్లో బిగించాను. రేడియో ఇచ్చింది కుప్పుస్వామి గారు. నీ క్షమాపణ ఉత్తరం ఆయన చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నారు. నేను చెవుల సంగతి చెప్పగానే లోపలికి పోయి, ఆ రేడియో తెచ్చి నా ముందు పెట్టి, "పో, ఆ బల్ల కాడ కూర్చోని సెయ్. సుబ్రమణ్యాన్ని లెయ్యమను" అన్నారు.

గిటారు వైరు ఆ పెట్టెలో గుచ్చు. పెట్టెకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి నీ చెవికి. దానితో ఒక ఇయర్‌ఫోను వస్తుంది, నీకు కాస్త బాగున్న కుడిచెవిలో పెట్టుకో. ఎర్ర గీత దాకా పెంచుకోవచ్చు. అది దాటితే ఉన్న వినికిడి కూడా పోతుంది, డాక్టరు చెప్పింది మరిచిపోకు. రెండోది మైకు సెట్టుకు. అది ఎంత ఉండాలో నేనే పెట్టేశాను. దాన్ని తిప్పడానికి నీకు నాబ్ ఇవ్వలేదు. ఎందుకో నీకు తెలుసు.

వాళ్ల పాట నీకు వినపడదు, నీ గిటారే వినపడుతుంది. కాబట్టి నువ్వు వాళ్లను అందుకోవాలని చూడకు. నువ్వు నడువు. వాళ్లు నీ వెనక వస్తారు. పాస్టరుగారికి ఈ సంగతి వేరే రాశాను.

ఒక్క ఆదివారం వాయించి చూడు. కుదరకపోతే మళ్లీ అటక ఎలాగూ ఉంది.

నీ మేనకోడలు,
రేడియో మెకానిక్
జ్ఞానాంబ


నగరి,
26 అక్టోబరు 1982

తల్లీ జ్ఞానా,

సబ్బుపెట్టె అందింది. పది రోజులు దాన్ని ముట్టుకోలేదు. మీ అత్తే గిటారు దించి, బ్యాటరీ వేసి, నీ ఉత్తరం చూస్తూ వైర్లు గుచ్చింది. ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టి, ఊ, వాయించు అన్నట్టు గడ్డం ఎగరేసింది.

మొదటి తీగ మీటాను. ఏం చెప్పను? ఏడాది కింద పోయిందనుకున్నది అక్కడే ఉంది. పై తీగ సన్నగా, చివరిదాకా సాగింది. ఒకటి మాత్రం నువ్వు నాకు చెప్పలేదు. మూడో తీగ శ్రుతి తప్పి ఉంది. ఎన్నాళ్లుగా అలా వాయించానో! ఆ రోజు సాయంత్రమంతా శ్రుతి చేసుకోవడంతోనే సరిపోయింది.

మొన్న ఆదివారం వాయించాను. పాస్టరుగారు ముందుకొచ్చి, నాకు తెలిసేలా నోరు పెద్దగా తెరిచి, "నువ్వు ముందు పో జయరావూ, మేం ఎనకాల వస్తాం" అన్నారు. నేను కళ్లు మూసుకుని నా దారిన పోయాను. కళ్లు తెరిచి చూస్తే అందరి నోళ్లూ నా వేళ్లతో పాటే కదులుతున్నాయి. పిల్లలెవరూ చెవులు మూసుకోలేదు. వాళ్ల పాట వినపడలేదన్న బాధ ఉంది, లేదనను. కానీ వాళ్లు పాడుతున్నారని తెలుసు.

అసలు నీకు రాయాలనుకున్నది ఇది కాదు. నిన్న సాయంత్రం గిటారు ఒడిలో పెట్టుకుని, ఇయర్‌ఫోను చెవిలో ఉంచుకుని కూర్చున్నాను, వాయించడం లేదు. మీ అత్త దీపం పెట్టడానికి వచ్చి, కింద పడిన అగ్గిపుల్ల కోసం నా ముందు వంగి ఏదో అంది. నా చెవిలో ఆమె గొంతు వినపడింది. దూరంగా, డొల్లగా, కుండలో మాట్లాడినట్టు. కానీ ఆమె గొంతే. గిటారు చెక్క ఆమె మాటకు అదిరినట్టుంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని, గిటారు రంధ్రం చూపించి, "ఈడ మాట్లాడు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "పిచ్చి పట్టిందా?" అంది. అది కూడా వినపడింది. వినపడిందని చెప్పాను. ఏం వినపడిందో చెప్పమంది. "పిచ్చి పట్టిందా అన్నావు" అన్నాను. ఆమె చటుక్కున నేల మీద కూర్చుండిపోయింది.

తర్వాత గిటారు దగ్గరికి జరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. ఎంతసేపు మాట్లాడిందో తెలియదు. పక్కింటి సిద్ధమ్మ కూతురికి కవలలు పుట్టారట, మార్చిలో. నేను రోజూ వాళ్ల వాకిలి ముందు నుంచే పోతున్నాను. మన ఇంటి వెనక గోడకు బీట పడిందట, నాకు మూడుసార్లు చెప్పిందట. వేసవిలో ఆమెకు జ్వరం వచ్చి, మధ్యాహ్నం వేళ నన్ను పిలిచిందట. నేను పక్క గదిలోనే గిటారు తుడుస్తున్నానట. ఆ మాట మెల్లగా చెప్పింది. అది కూడా వినపడింది.

 "నేను ఇనలేదు, నన్ను మన్నించు" అన్నాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, రంధ్రం దగ్గరికి వంగి, "అట్లా అరవొద్దు. నేను ఈడనే ఉండా కదా" అంది.

నేను అరుస్తున్నానని నాకు తెలియదు. గొంతు తగ్గించి మళ్లీ చెప్పాను. ఎంత తగ్గిందో నాకు వినపడలేదు. మీ అత్త మొహం చూసి ఇంకొంచెం తగ్గించాను. అప్పుడు ఆమె తల ఊపింది.

మా ఇద్దరి దీవెనలతో,
నీ మామ జయరావు